తీగ అవతలి కొస

లాల్‌బీ గారింటికి ఎర్తు లేదు. ఆ సంగతి ఇరవై ఏళ్లుగా నాకొక్కడికే తెలుసు, ఎందుకంటే ఆ ఇంటికి వైరింగు చేసిన ఘనుణ్ని నేనే.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. కొడవలూరులో ఎలక్ట్రికల్ షాపు తెరిచి ఆరు నెలలు కూడా కాలేదు. మైపాడులో వలలు, తాళ్లు అమ్మే అమీర్ బాషా గారు డాబా కట్టించి, ఎవరో చెబితే నన్ను పిలిపించారు. పనంతా శ్రద్ధగానే చేశాను. చివరి రోజుకి ఎర్తు గుంత ఒక్కటే మిగిలింది. నిలువెత్తు గొయ్యి తవ్వి, ఇనప పైపు దించి, చుట్టూ బొగ్గులూ ఉప్పూ నింపి, పైపుకి తీగ బిగించి ఇంట్లో బోర్డు దాకా తీసుకుపోవాలి. పెరట్లో ఉత్తరం మూల కాస్త మెరకగా ఉంది. మండు వేసవిలో కూడా అక్కడి ఇసక తడిగా ఉంది. ఎర్తుకి తడి కావాలి కాబట్టి అక్కడే గడ్డపార ఎత్తాను. అమీర్ బాషా గారి భార్య లాల్‌బీ గారు వంటింట్లోంచి వచ్చి సరిగ్గా ఆ చోటే చతికిలబడ్డారు.

"ఈడొద్దు నాయనా," అన్నారు. ఎందుకొద్దో చెప్పలేదు. అరగంట చూశాను. ఆమె లేవలేదు.

ఆ సాయంత్రం మా మరదలి పెళ్లి. నాలుగింటి బస్సు తప్పితే మా ఆవిడ నన్ను గుమ్మం తొక్కనిచ్చేది కాదు. లాల్‌బీ గారు నమాజుకి లోపలికి వెళ్లిన సందు చూసి, బోర్డు నుంచి వచ్చిన తీగ కొసని అదే మూల ఇసకలో జానెడు లోతున పూడ్చేశాను. పైన చెంబెడు నీళ్లు పోసి, "అయిపోయింది భాయ్" అని అమీర్ బాషా గారితో చెప్పి బస్సెక్కాను. అప్పట్లో ఎర్తు గురించి ఎవరు పట్టించుకున్నారు గనక? చాలా ఇళ్లల్లో ప్లగ్గుకి మూడో పిన్ను అలంకారానికే ఉండేది. అలా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, ఇరవై ఏళ్లూ అదే చెప్పుకుంటూ వచ్చాను.

ఈ ఏడు మే నెల మొదట్లో అక్రమ్ ఫోను చేశాడు. అమీర్ బాషా గారి ఒక్కగానొక్క కొడుకు. తండ్రి పోయాక దుకాణం అతనే చూసుకుంటున్నాడు.

"మాల్యాద్రన్నా, కరెంటు కారు కొనుండా. ఛార్జరు పెట్టె బిగించినోడు ఇంటికి ఎర్తే లేదని ఎర్రలైటు చూపించి పొయ్యినాడు. ఎర్తు సరిగా ఉంటేగాని కారు ఛార్జింగు ఎక్కదంట. నువ్వేసిన వైరింగే గదా, ఒకసారి వచ్చి చూడన్నా."

ఫ్రిజ్జు, మిక్సీ, వాషింగ్ మెషీను, ఇన్ని వస్తువులు ఆ ఇంట్లో నా అబద్ధంతో సర్దుకుపోయాయి. ఈ కారుకి మాత్రం బుర్ర ఉంది. గోడ వెనక ఏముందో అడిగి, జవాబు వచ్చాకే తింటుంది. ఇలాంటి బండ్లు మనలాంటి మనుషుల కోసం తయారు చేసినవి కావని మా ఆవిడతో అన్నాను. ఆవిడకి అసలు సంగతి తెలియదు కాబట్టి తలూపింది.

మర్నాడే వెళ్లాను. వెళ్లక తప్పదు, ఎందుకంటే అక్రమ్ ఆ కారు సరదాకి కొనలేదు. అతని భార్య ఫరీన్‌కి తొమ్మిదో నెల. బీపీ ఎక్కువగా ఉంది. తలనొప్పి వచ్చినా, కళ్లు మసకేసినా గంటలోగా ఆస్పత్రిలో ఉండాలని నెల్లూరు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇంట్లో ఉన్న పాత వ్యాను సముద్రపు గాలికి అడుగంతా తుప్పు తిని, పోయిన నెల ఫరీన్ లోపల ఉండగానే నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఆటోలో ఎక్కించి ఆ గతుకుల్లో పాతిక కిలోమీటర్లు తీసుకుపోవడానికి అక్రమ్‌కి ధైర్యం చాలలేదు. నెల్లూరులో ఒకాయన రెండేళ్లు వాడిన కరెంటు కారు మాట్లాడి తెచ్చాడు. రాత్రి ప్లగ్గు పెడితే తెల్లారేసరికి నిండుతుంది, కుదుపు లేదు, చప్పుడు లేదు. ఛార్జింగు స్టేషను హైవే మీద ఉంది గానీ, అక్కడికి పోయి రావడానికే సగం ఛార్జింగు ఖర్చయిపోతుంది. అక్కడ ఎక్కించుకొచ్చిన ఛార్జింగంతా అయిపోయి, కారు గేటు లోపల అలాగే నిలబడి ఉంది. దాని కింద కోళ్లు పడుకుని ఉన్నాయి.

"ఇంకో పది కిలోమీటర్లు కూడా రాదంట అన్నా," అన్నాడు అక్రమ్. "ఈమెకి ఈరోజే ఏదన్నా అయితే ఏం జెయ్యాల?"

ఫరీన్ వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. కాళ్లు పొంగి ఉన్నాయి. నవ్వి, "అన్నకి మజ్జిగ ఇయ్యండి ముందు" అంది. నాకు సిగ్గేసింది.

నేను వేసుకున్న పథకం ఇది. ముందు ఏదో వెతుకుతున్నట్టు నటించాలి. తర్వాత, "పాత గుంత ఎండిపోయింది, కొత్తది వేద్దాం" అనాలి. గేటు పక్కన నిజమైన గుంత తవ్వాలి. నా పరువూ దక్కుతుంది, వాళ్ల పనీ జరుగుతుంది. నటనకి సరిపడా సరుకు కూడా దొరికింది. బోర్డు నుంచి తీగ బయటికి వచ్చేచోట గోడ దగ్గర అతుకు తుప్పుకి విడిపోయి ఉంది. దాన్ని ఉప్పుకాగితంతో రుద్ది, కొత్త బోల్టు వేసి బిగించాను. అవతలి కొస ఇసకలో జానెడు లోతున ఉందని నాకు తెలుసు. ఆ బిగింపు వల్ల ఏమీ జరగదని కూడా తెలుసు.

ఛార్జరు పెట్టె మీద పచ్చలైటు వెలిగింది.

నమ్మలేదు. టెస్టు లాంపు తీశాను. రెండు వందల వాట్ల బల్బుకి ఒక వైరు కరెంటుకి, ఇంకోటి ఎర్తుకి పెడితే, ఎర్తు బాగుంటే బల్బు నిండుగా వెలుగుతుంది. చేతకాని ఎర్తయితే ఎర్రగా మిణుకుమంటుంది. ఇది పట్టపగలు కళ్లు చెదిరేలా వెలిగింది. మూడు గుంతలు తవ్వి కలిపినా ఈ ఇసక నేలలో అంత వెలుగు రాదు. అక్రమ్ కారుకి ఛార్జింగు గొట్టం తగిలించాడు. కారు ఎక్కడో లోపల చిన్నగా టక్కుమంది, ఛార్జింగు ఎక్కడం మొదలుపెట్టింది.

"నీ చేతి పనే పని అన్నా," అన్నాడు అక్రమ్. "ఇరవై ఏండ్లయినా ఎట్టుందో చూడు."

ఆ మాటకి పొంగిపోవాలి. నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మజ్జిగ తాగుతున్నట్టు గ్లాసు పట్టుకుని పెరట్లో ఉత్తరం మూలకి నడిచాను. చుట్టూ ఇసక కాలుతోంది. ఆ మూల మాత్రం తడిగా ఉంది. గొంతుక్కూర్చుని చేత్తో ఇసక తోడాను. తీగ తగిలింది. ఈ ఊరి గాలికీ ఉప్పుకీ ఇనుము రెండేళ్లలో పొడైపోతుంది. ఇది నిన్న కొన్నట్టు తెల్లగా మెరుస్తోంది. జానెడు తోడాను, కొస రాలేదు. మోచేతి లోతు తోడాను, తీగ ఇంకా కిందికి, నిటారుగా, బిగుతుగా పోతూనే ఉంది.

రెండు వేళ్లతో పట్టుకుని లాగాను. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాను. అటునుంచి కూడా లాగారు.

పెద్ద బలంగా ఏమీ కాదు. ఒక్కసారి, చిన్నగా. కానీ తడి ఇసక పీల్చడం వేరు, చెయ్యి లాగడం వేరు. ఆ తేడా తెలియనంత కొత్తవాణ్ని కాదు.

"లాగొద్దు నాయనా," అన్న మాట వెనకనుంచి వినిపించింది. లాల్‌బీ గారు చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. నా వైపు చూడలేదు. నేను తోడిన గుంతలోకి ఇసక నెట్టి, నీళ్లు పోసి, లోపలికి వెళ్లిపోయారు. నేను బండి తీసుకుని పారిపోయాను. పారిపోయాను అనే మాటే సరైనది.

రెండు రోజులు షాపులో కూర్చున్నాను గానీ పని సాగలేదు. దెయ్యాలూ భూతాలూ అంటే నాకు నవ్వు. ఆ నవ్వు రాలేదని నా మీద నాకే కోపం వచ్చింది. ఇంకో బెంగ కూడా పట్టుకుంది. ఫరీన్ ఆ కారు తలుపు ముట్టుకుంటుంది, ఛార్జింగు గొట్టం తీస్తుంది. అవతలి కొసలో ఏముందో తెలియని తీగని నమ్మి నిండు చూలాలిని వదిలిపెట్టడం ఏ ఎలక్ట్రీషియనూ చెయ్యకూడని పని. ఒకసారి చేశాను, రెండోసారి చెయ్యదలచుకోలేదు. మూడో రోజు పొద్దున్నే పైపు, ఉప్పు, బొగ్గుల బస్తా వేసుకుని మైపాడు వెళ్లాను. రెండో ఎర్తు కూడా ఉంటే మంచిదని అక్రమ్‌తో చెప్పాను, అతను సరేనని దుకాణానికి వెళ్లిపోయాడు.

గేటు పక్కన నేనే తవ్వాను. మధ్యాహ్నానికి గుంత పూర్తయింది. లాంపు పెట్టి చూస్తే బల్బు బాగానే వెలిగింది, ఒక మనిషి నిజాయితీగా తవ్విన గుంత ఎంత వెలిగించాలో అంత. ఇక పాత తీగ తెంచడమే మిగిలింది. కటింగ్ ప్లేయరు తీసుకుని ఉత్తరం మూలకి వెళితే, లాల్‌బీ గారు అక్కడే కూర్చుని ఉన్నారు, ఇరవై ఏళ్ల కిందట కూర్చున్నట్టే.

"అమ్మా, ఆ రోజు నేను గుంత తవ్వలేదు," అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట, వచ్చేసింది. "ఊరికే తీగ పూడ్చి పోయినాను. భాయ్‌కి అబద్ధం చెప్పినాను."

"నాకు తెలుసు," అన్నారు ఆమె. "కూర్చో."

కూర్చున్నాను. ఆమె ఇసక మీద అరచెయ్యి పెట్టి చెప్పారు.

"అక్రమ్ కంటే ముందు నాకొక ఆడబిడ్డ. ఆ ఏడు తుపాను. రోడ్డు మీద నడుం లోతు నీళ్లు. వాళ్ల నాయన జీపు కోసం పొయ్యి రెండ్రోజులదాకా రాలేకపొయ్యినాడు. మంత్రసాని పెంచలమ్మ ఒక్కతే నా కాడ ఉండింది. మధ్యాన్నం పుట్టింది. ఏడవలా. ఊరికే నా వేలు పట్టుకున్నది. సాయంత్రం అసర్ నమాజు దాకా పట్టుకోనే ఉన్నది. ఆ తర్వాత వదిలేసింది. పూడ్చేదానికి పోదామంటే ఖబరస్తాన్ నీళ్లల్లో మునిగి ఉండింది. మెరకగా ఉండింది ఈ మూలొక్కటే. ఈ సంగతి అక్రమ్‌కి కూడా తెలీదు."

నేను ప్లేయరు పక్కన పెట్టేశాను.

"రోజూ నీళ్లు పోసి ఇసకలో వేలు పెట్టేదాన్ని. పట్టుకునేది. నమ్మితే నమ్ము. పదహారేండ్లు పట్టుకున్నది. నువ్వు తీగ పెట్టి పొయ్యిన మర్నాడు వేలు పెడితే పట్టుకోలా. నీ తీగ పట్టుకున్నది."

ఆమె గొంతులో నా మీద కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

"ఏడుపొచ్చింది నాకు. మళ్లీ అనుకున్నా, నా వేలు ఒకటే గదా, ఆ తీగైతే ఇంట్లో గదిగదికీ పోతుంది. మిక్సీ తిరిగితే దానికి తెలుస్తుంది. ఫ్యాను తిరిగితే తెలుస్తుంది. తమ్ముడు చదివేది, వాడి పెళ్లి, అన్నీ వింటా ఉంటుంది. ఇంట్లో ఉన్నట్టే గదా, పోనీలే అని ఊరుకున్నా." నా వైపు తిరిగి అడిగారు. "అసలు ఆ తీగ పనేంది నాయనా? ఎప్పుడూ అడగలా నిన్ను."

నా పనిలో ఇంతకంటే తేలిక ప్రశ్న లేదు. "మామూలప్పుడు ఏ పనీ ఉండదమ్మా. ఏదన్నా వస్తువులో కరెంటు లీకైతే, ముట్టుకున్న మనిషికి తగలకుండా తన మీదికి తీసుకుంటుంది."

"తీసుకోని యాడికి పంపిస్తుంది?"

"అవతలి కొసకి."

లాల్‌బీ గారు ఇసకని అరచేత్తో నిమిరారు. "ఒకసారి ఫ్రిజ్జు కాలిపొయ్యింది. నేను దాని తలుపు పట్టుకోనే ఉండా. నాకేం గాలా," అన్నారు. "అక్రమ్ తడిచేత్తో మోటారు ముట్టుకున్నాడు. పక్కింట్లో ఆ వేసవిలోనే మోటారు కొట్టి మనిషి పొయ్యినాడు. వీడికి చిన్న చురుకు కూడా తగల్లా. అల్లా చల్లగా చూసినాడనుకున్నా." తలెత్తి నా కళ్లల్లోకి చూశారు. "అయితే ఇన్నాళ్లూ?"

నా కళ్లల్లోంచి నీళ్లు కారాయి, తుడుచుకోలేదు.

నేను తీగ పట్టుకుని ప్లేయరు ఎత్తితే ఆమె చెయ్యి అడ్డం పెట్టారు. "తెంచితే ముక్క దాని చేతిలోనే ఉంటుంది. ఉండు, నేను చెప్తా." ఇసకకి దగ్గరగా వంగారు. "అమ్మా, అది వదిలెయ్. మంచిది కాదు. ఇంక నువ్వేం మొయ్యబళ్లేదు. అమ్మ చెప్తుండా, వదిలెయ్ తల్లీ."

నా వేళ్ల మధ్య తీగ వదులైంది. లాగితే వచ్చేసింది. మోచేతి లోతు తవ్వినా కొస దొరకని తీగ, బయటికి వచ్చాక జానెడే ఉంది. నేను పూడ్చినంతే. కొస మాత్రం చిన్న చుట్టలా వంగి ఉంది, నా చిటికెన వేలు కూడా దూరనంత చిన్న చుట్ట. గోడ మీద ఛార్జరు ఎర్రగా మారింది. వెళ్లి కొత్త గుంత తీగ బిగించాను. పచ్చగా వెలిగింది. కారు అప్పటికే నిండుగా ఉంది. దాన్ని నింపిన మొదటి రాత్రి ఎర్తు ఎవరిదో నాకిప్పుడు తెలుసు.

తిరిగి వచ్చేసరికి లాల్‌బీ గారు చూపుడు వేలు ఇసకలో దించి కూర్చుని ఉన్నారు. ఆమె ముఖం చూశాక ఏమైందని అడగాల్సిన అవసరం కనపడలేదు. కళ్లు మూసుకుని నవ్వుతున్నారు. చూసిన నాకే గుండె నిండిపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత ఆమె బిడ్డ ఆమె వేలు పట్టుకుంది.

ఎంతసేపో కాదు. ఐదు నిమిషాలు కూడా ఉండదు. వంటింటి గుమ్మంలోంచి ఫరీన్ పిలిచింది. ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది.

"అత్తమ్మా, తల పగిలిపోతా ఉంది. మీరు సరిగా కనపళ్లేదు నాకు."

నేను అక్రమ్‌కి ఫోను చేశాను. దుకాణం పక్క వీధిలోనే, పరుగెత్తుకుంటూ వచ్చాడు. కారు గొట్టం తీశాను. ఫరీన్‌ని వెనక సీట్లో పడుకోబెట్టాడు. ఫరీన్ తల్లి ఉండేది బిట్రగుంటలో, ఆమె వచ్చేసరికి సాయంత్రమవుతుంది. తోడు ఎవరో ఒక ఆడమనిషి వెళ్లాలి.

"అమ్మా, రా," అని అక్రమ్ గేటు దగ్గర్నుంచి అరిచాడు. తల్లి పెరట్లో నేల మీద ఎందుకు కూర్చుందో చూసే తీరిక అతనికి లేదు.

లాల్‌బీ గారు లేవలేదు. వేలు తీయలేదు. నా జీవితంలో ఎవరి మీదా అంత జాలి కలగలేదు. "మళ్లీ వస్తా," అన్నారు ఇసకతో. "తమ్ముడి పెళ్లానికి బాగలేదు. అప్పుడు నీకు బండి రాలా. దీనికి వచ్చింది. పోవాల తల్లీ." వేలు ఒక్కసారిగా లాగేసుకున్నారు. మొదటి కణుపు చుట్టూ తెల్లటి నొక్కు పడి ఉంది. లేస్తూ నా భుజం పట్టుకున్నారు.

"మాల్యాద్రీ, నేనొచ్చేదాకా ఈడ కూర్చో. నీ వేలు ఇయ్యి దానికి. ఒంటిగా ఉండలేదది."

కారు చప్పుడు లేకుండా గేటు దాటింది. కోళ్లు కూడా పక్కకి తప్పుకోలేదు, అవే ఆశ్చర్యపోయి చూశాయి. ఇంట్లో నేనొక్కణ్ని. టైము రెండున్నర. బండెక్కి వెళ్లిపోవచ్చు. ఎవరు అడుగుతారు? ఆ ఇంట్లో ఒకసారి అలాగే వెళ్లిపోయాను.

కూర్చుని, ఇసకలో వేలు పెట్టాను. చల్లగా ఉంది. ఏమీ లేదు. అంతా నా భ్రమే అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు, మెల్లగా, ఒక్కొక్కటే లెక్కపెట్టగలిగేలా, నాలుగు చిన్న వేళ్లు నా వేలి చుట్టూ ముడుచుకున్నాయి. అరుపు గొంతు దాకా వచ్చింది. అరిస్తే ఆ వేళ్లు బెదురుతాయేమోనని మింగేశాను.

ఎండ గోడ దాటింది. మసీదు నుంచి అసర్ అజా వినిపించింది. ఆ వేళకి వదిలేస్తుందేమోనని చూశాను. వదల్లేదు. నడుము విరిగిపోతోంది, దోమలు కుడుతున్నాయి, కదల్లేదు. ఐదింటికి జేబులో ఫోను మోగింది. ఎడమ చేత్తో తీశాను. అక్రమ్ నంబరే, మాట్లాడింది లాల్‌బీ గారు.

"ఆపరేషను చేసినారు. ఫరీన్ బాగుంది. ఆడబిడ్డ." ఆమె ఏడుస్తున్నారు. "ఏడిచింది నాయనా. పుట్టంగానే గట్టిగా ఏడిచింది. ఆడనే ఉండావా?"

"ఉన్నానమ్మా."

"చెప్పు దానికి."

ఫోను పక్కన పెట్టి, ఆమె వంగినట్టే ఇసక దగ్గరికి వంగాను. "తల్లీ, నీకు మేనకోడలు పుట్టింది," అన్నాను.

పట్టు బిగిసింది. వేలు కణుపు దగ్గర నొప్పి పుట్టేంత బిగిసింది. సంతోషమో, ఇంకేదో నాకెలా తెలుస్తుంది. చెయ్యి తీసుకోలేదు. అమ్మ బయల్దేరి వస్తోందని కూడా చెప్పాను.